గణితం ప్లేస్‌మెంట్ పరీక్షకు చదువుకుని వెళ్లాలా, ఉన్నపళంగా వెళ్లాలా?

కరీంనగర్ తండ్రి (చర్చ ప్రారంభం)

మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఆగస్టులో అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్‌లో చేరబోతోంది. అక్కడ కోర్సులు నమోదు చేసుకునే ముందు ఎలెక్స్ అనే గణితం ప్లేస్‌మెంట్ పరీక్ష రాయాలని తెలియజేశారు. అందులో వచ్చే స్కోరును బట్టి మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్ ఇస్తారో, ప్రీకాలిక్యులస్ ఇస్తారో, ఇంకా కిందనున్న కాలేజ్ ఆల్జీబ్రాతో మొదలుపెట్టిస్తారో తేలుతుందట. ఈ పరీక్షలో పాస్, ఫెయిల్ ఉండవు కనుక ప్రత్యేకంగా చదవనక్కర్లేదని, ఇప్పుడు తెలిసినదే రాయమని అక్కడి అడ్వైజర్ చెప్పారు. మా ఊళ్లో ఒకాయన మాత్రం ఆ పరీక్ష ప్రశ్నలన్నీ తన దగ్గర ఉన్నాయని, కొద్ది వారాల్లోనే తొంభై దాటిస్తానని అంటున్నారు. ఇంట్లో తలా ఒక మాట అంటున్నాం. స్థాయి తెలుసుకోవడానికి పెట్టిన పరీక్షకు తర్ఫీదు ఇప్పించడం సబబేనా అన్నది నా ప్రశ్న.

డాలస్ ట్యూటర్

కరీంనగర్ తండ్రి గారికి నమస్కారం. నేను టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో గణితం చెబుతాను. ఉన్నపళంగా వెళ్లి రాయమనే సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చేదే అయినా, దాన్ని నమ్మి నష్టపోయిన పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. మా రాష్ట్రంలో టీఎస్ఐఏ2 అనే ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంది. దాన్ని రాసే ముందు ప్రతి విద్యార్థీ ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ పూర్తిచేయాలని రాష్ట్ర నిబంధనే ఉంది. పరీక్ష ఎలా సాగుతుంది, స్కోరు తగ్గితే ఏమవుతుంది అన్నవి వివరించి, నమూనా ప్రశ్నలు చేయించిన తరువాతే విద్యార్థిని పరీక్షకు కూర్చోబెడతారు. ప్రభుత్వమే అంతమాత్రం సిద్ధం చేయమంటున్నప్పుడు, సిద్ధం కావడం మోసమెలా అవుతుంది?

2012లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జుడిత్ స్కాట్-క్లేటన్ కమ్యూనిటీ కాలేజీల ప్లేస్‌మెంట్ పరీక్షలపై చేసిన పరిశోధనలో, గణితం పరీక్ష రాసినవారిలో సుమారు నాలుగో వంతు మందికి తీవ్రంగా తప్పు తరగతి కేటాయించారని తేలింది. అందులోనూ పై తరగతికి తగినవారిని కిందికి తోయడమే ఎక్కువగా జరిగింది. మన పిల్లల సంగతికి వస్తే, మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే ఎంట్రన్సులు అయిపోయాక పుస్తకం మూసిన పిల్ల, వీసా హడావుడి అంతా ముగించుకుని జులై చివర్లో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. అప్పుడు వచ్చే స్కోరు ఆమెకు ఏమి తెలుసో చెబుతుందా, ఎంత మరిచిపోయిందో చెబుతుందా?

ఓహాయో అధ్యాపకుడు

నేను విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం కాలిక్యులస్ బోధిస్తాను కనుక అవతలి పక్షం నుంచి మాట్లాడతాను. ట్యూటర్ గారు చెప్పిన పరిశోధనలోని ఫలితాలు అప్పటి ఆక్యుప్లేసర్, కంపాస్ పరీక్షలకు సంబంధించినవి. వాటిలో కంపాస్‌ను ఏసీటీ సంస్థ 2016లోనే ఉపసంహరించుకుంది. ఎలెక్స్ తీరు వేరు. జ్యాఁ-క్లోద్ ఫాల్మాన్య్, జ్యాఁ-పాల్ దువానోఁ అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించిన నాలెడ్జ్ స్పేస్ సిద్ధాంతం దానికి పునాది. ఫలానా లెక్క చేయగలిగినవారికి దాని కిందనున్న ఏయే అంశాలు తెలిసి ఉంటాయో అంచనా కడుతూ, ఒక్కో జవాబును బట్టి తరువాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. గరిష్ఠంగా 30 ప్రశ్నలు ఉంటాయి, అంకెలు మారుతుంటాయి, చాలావాటికి జవాబును విద్యార్థే టైపు చేయాలి. కనుక ప్రశ్నలన్నీ తన దగ్గర ఉన్నాయని చెప్పే పెద్దమనిషికి డబ్బు కట్టకండి.

ఇక అసలు సంగతి. 76 స్కోరు దగ్గర కాలిక్యులస్‌కు గీత గీసే కాలేజీలు చాలా ఉన్నాయి. తర్ఫీదుతో ఆ గీత దాటిన విద్యార్థి నా తరగతికి వస్తాడు. ఒకటి బై ఎక్స్ యొక్క అవకలజం మైనస్ ఒకటి బై ఎక్స్ స్క్వేర్ అని అతనికి కంఠతా వచ్చు. నిర్వచనం నుంచి రాబట్టమంటే, ఒకటి బై (ఎక్స్ ప్లస్ హెచ్) లోంచి ఒకటి బై ఎక్స్ తీసివేసి, వచ్చినదాన్ని హెచ్‌తో భాగించాల్సిన చోట, హారాలు కలపడం రాక ఆగిపోతాడు. మొదటి పరీక్షలోనే ఈ విషయం బయటపడుతుంది. అప్పటికి కింది తరగతిలోకి మారే గడువు దాటిపోతుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు నిలుపుకోవాలి కాబట్టి కోర్సు వదిలేయడం కూడా అంత సులువు కాదు. ప్రీకాలిక్యులస్‌కు ఒక సెమిస్టర్ పోతుందని భయపడేవారు, కాలిక్యులస్‌లో తప్పితే అదే సెమిస్టర్ పోవడమే కాక ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎఫ్ కూడా మిగులుతుందని ఎందుకు ఆలోచించరో నాకు అర్థం కాదు.

గుంటూరు లెక్చరర్ (విశ్రాంత)

జూనియర్ కాలేజీలో చాలా కాలం గణితం చెప్పినవాడిగా నాదొక మాట. ఇంటర్‌లో సదిశలు, మాత్రికలు, డిమోయర్ సిద్ధాంతం, నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణాలు చదివిన పిల్లకు ఆల్జీబ్రా రాదని ఒక కంప్యూటర్ తేల్చడం వినడానికే కష్టంగా ఉంటుంది. అయినా అధ్యాపకుడు గారు చెప్పిన హారాల ముచ్చట నిజమేనని ఒప్పుకోక తప్పదు. కారణం కూడా మనకు తెలియనిది కాదు. రెండు ద్విగుణ ప్రమేయాల సంయుక్తం ద్విగుణమేనని నిరూపించే సిద్ధాంతం ఏడు మార్కులకు వస్తుంది కాబట్టి పిల్లలు దాన్ని కళ్లు మూసుకుని కూడా రాస్తారు. అదే ఒక ప్రమేయాన్ని గ్రాఫుగా గీసి ఇచ్చి, దీన్ని రెండు యూనిట్లు కుడికి జరిపి ఒక యూనిట్ పైకి లేపితే సమీకరణం ఎలా మారుతుందని అడిగితే దిక్కులు చూస్తారు. అటువంటి ప్రశ్న మన బోర్డు పేపర్లలో కనిపించదు, కనుక మేమూ చెప్పలేదు. అమెరికా వారి ప్లేస్‌మెంట్ పరీక్షలకు గ్రాఫు చదవడమన్నది ప్రాణం.

వాలు కట్టమంటే మన పిల్లలు క్షణంలో కడతారు. ట్యాంకులో నీరు నిమిషానికి ఎన్ని గ్యాలన్ల చొప్పున తగ్గుతోందో గ్రాఫు చూసి చెప్పమంటే, ఆ తగ్గుదల రేటే వాలు అని తట్టదు. 8 యొక్క మైనస్ 2/3వ ఘాతం పావు అని తొమ్మిదో, పదో తరగతిలో వచ్చిన పిల్ల, ఇంటర్ రెండో సంవత్సరం అయ్యేసరికి అక్కడ తడబడుతుంది. ఎందుకంటే ఆ రెండేళ్లూ పెద్ద లెక్కల వెంటే పరుగు. అందుచేత ఆ అమ్మాయిని తప్పక సిద్ధం చేయాలనే నా అభిప్రాయం. అయితే ఎదుట పెట్టవలసినవి తొమ్మిది, పది తరగతుల పుస్తకాలు. అవి పూర్తయ్యాక ఇంటర్ ఫస్టియర్‌లోని త్రికోణమితి, సంవర్గమానాలు, ప్రమేయాలు చాలు. ఆ అడ్వైజర్ గారు చదవనక్కర్లేదన్నది బహుశా వారి హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పిల్లలను ఉద్దేశించి అయి ఉంటుంది.

సెకండ్ ఇయర్ విద్యార్థి, టెంపీ

అంకుల్, నేను ఈ పరీక్ష రాసి వచ్చినవాడిని కాబట్టి మీ అమ్మాయికి ఉపయోగపడే రెండు విషయాలు చెబుతాను. మన ఎంసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దని నేర్పారు. ఎలెక్స్‌లో 'నాకు తెలియదు' అనే బటన్ ఉంటుంది. ఆప్షన్లు లేనిచోట గుడ్డిగా ఏదో టైపు చేయడం కంటే దాన్ని నొక్కడమే నయం. ముందు సులువైనవి చేసి కష్టమైనవాటికి మళ్లీ వద్దామనే పద్ధతి కూడా అక్కడ చెల్లదు, ఎందుకంటే జవాబు ఇచ్చాక వెనక్కి వెళ్లలేం. నా రూమ్మేట్‌కు లెక్కలు నాకంటే బాగా వచ్చు కానీ, ఈ సంగతి తెలియక కష్టమైనవి వచ్చినప్పుడల్లా దాటవేసుకుంటూ పోయి, కాలేజ్ ఆల్జీబ్రాలో పడ్డాడు.

ఫ్రీమాంట్ తల్లి

మీరందరూ పరీక్ష ఉండి తీరాలన్నట్టుగా మాట్లాడుతున్నారు. మా కాలిఫోర్నియాలో 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం తరువాత కమ్యూనిటీ కాలేజీలు హైస్కూల్ మార్కులు, అక్కడ చదివిన కోర్సుల ఆధారంగానే తరగతి నిర్ణయిస్తున్నాయి. ఫ్లోరిడా 2013లోనే తన ప్రభుత్వ పాఠశాలల నుంచి వచ్చేవారిలో చాలామందిని ప్లేస్‌మెంట్ పరీక్ష నుంచి మినహాయించింది. నాలుగేళ్ల చదువుకు దక్కవలసిన విలువను ఒక మధ్యాహ్నం రాసే పరీక్షకు ఇవ్వడం దేనికి? అసలు పరీక్షే తీసేస్తే ఈ తర్ఫీదు గొడవే ఉండదు. మన దగ్గర బీఫార్మసీలో చేరే బైపీసీ పిల్లలకు ఏ పరీక్షా పెట్టకుండానే మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ చెప్పడం లేదా?

ఓహాయో అధ్యాపకుడు

అమ్మా, బైపీసీ పిల్లలు ఇంటర్‌లో గణితం చదవలేదన్నది అందరికీ తెలిసినదే, దానికి పరీక్ష అక్కర్లేదు. చదివి, మార్కులు కూడా తెచ్చుకున్నవారి సంగతే చిక్కు. మీ రాష్ట్రంలోనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాండియేగో 2025 నవంబరులో వెలువరించిన నివేదిక చూడండి. హైస్కూల్ స్థాయి కంటే తక్కువ గణితంతో చేరుతున్న విద్యార్థుల సంఖ్య 2020 నుంచి 2025 లోపు దాదాపు 30 రెట్లు పెరిగిందని అందులో ఉంది. వారిలో చాలామంది హైస్కూల్ గణితంలో మంచి గ్రేడ్లు తెచ్చుకున్నవారే. ఆ సంగతి బయటపెట్టినది అక్కడి ప్లేస్‌మెంట్ పరీక్షే. మార్కులు మాత్రమే చూసి ఉంటే వారందరూ నేరుగా కాలిక్యులస్‌లో కూర్చునేవారు. కరీంనగర్ నుంచి వచ్చే అమ్మాయి మార్కుల మెమోను ఇక్కడి క్లర్కు ఎలా అర్థం చేసుకోవాలన్నది మరో చిక్కు.

డాలస్ ట్యూటర్

కరోనా కాలంలో బడులు మూతపడటం, గ్రేడ్లు ఉదారంగా ఇవ్వడం కూడా ఆ నివేదికలో కారణాలుగా చూపారు. దాన్ని పట్టుకుని పరీక్షలన్నిటికీ తలూపలేం. అదలా ఉంచితే, గుంటూరు మాష్టారు గారు చెప్పినదానికీ నేను చెప్పినదానికీ తేడా లేదు. అధ్యాపకుడు గారు భయపడుతున్న విద్యార్థి ప్రశ్నలు బట్టీపట్టి వచ్చినవాడు. హారాలు కలపడం జూన్‌లో మళ్లీ నేర్చుకుని వచ్చిన విద్యార్థి మీద ఆయనకు ఫిర్యాదు ఉండదనుకుంటాను.

కరీంనగర్ తండ్రి గారూ, ఎలెక్స్ ఫీజులోనే ప్రిపరేషన్ మాడ్యూల్ కలిసి ఉంటుంది. మొదటిసారి పరీక్ష రాశాక, ఏయే అంశాల్లో వెనకబడ్డారో అదే చూపి అభ్యాసం చేయిస్తుంది. చాలాచోట్ల మొత్తం ఐదుసార్ల వరకూ రాయనిస్తారు. అయితే రెండు ప్రయత్నాల మధ్య కొంత వ్యవధి, మాడ్యూల్‌లో కొన్ని గంటల సాధన తప్పనిసరి చేస్తారు. అందుకే మొదటి ప్రయత్నం విమానం ఎక్కే వారంలో కాకుండా ఇప్పుడే, జూన్ మొదట్లోనే, మాష్టారు గారు చెప్పిన పుస్తకాలు ఒకసారి తిరగేశాక రాయించండి. పక్కన ఎవరూ కూర్చోవద్దు. విశ్వవిద్యాలయం మొదటి ప్రయత్నాన్ని ఇంటి నుంచి రాయనిచ్చినా, అన్నయ్య చేసిపెట్టిన లెక్కల వల్ల వచ్చిన స్కోరుతో ఆ మాడ్యూల్ తప్పుడు చోటు నుంచి మొదలవుతుంది.

ఓహాయో అధ్యాపకుడు

ఆ ఫిర్యాదు నాకు లేదు. ఐదు ప్రయత్నాల విషయంలో మాత్రం ఏకీభవించను. మాడ్యూల్ చేసుకున్నాక రెండో ప్రయత్నంలో పెరిగే స్కోరు చదువు వల్ల పెరిగేదే. నాలుగోసారి, ఐదోసారి రాసి 74ను 76 చేసుకున్న విద్యార్థికి ఆ రెండు పాయింట్లలో పరీక్ష అలవాటు ఎంతో, గణితం ఎంతో నేను చెప్పలేను. నా మాటకు విలువ ఉంటే, మూడో ప్రయత్నం దగ్గర ఆపించి, వచ్చిన తరగతిలోనే కూర్చోమనేవాడిని.

కరీంనగర్ తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నలన్నీ ఉన్నాయన్న మా ఊరి ఆయనకు డబ్బు కట్టడం మానుకున్నాం. పదో తరగతి పుస్తకం పక్కింటివారి అబ్బాయి దగ్గర దొరికింది. సెకండ్ ఇయర్ బాబూ, ఒక్క సందేహం: పరీక్షలో సొంత కాలిక్యులేటర్ వాడనిస్తారా?

సెకండ్ ఇయర్ విద్యార్థి, టెంపీ

సొంతది వాడనివ్వరు అంకుల్. అవసరమైన ప్రశ్నకు మాత్రమే తెర మీద కాలిక్యులేటర్ కనిపిస్తుంది, మిగతావన్నీ కాగితం మీదే చేసుకోవాలి. మన ఇంటర్‌లో కాలిక్యులేటర్ ముట్టుకోనివ్వరు కాబట్టి ఈ ఒక్క విషయంలో మీ అమ్మాయి ఇక్కడి పిల్లలకంటే ముందే ఉంటుంది.