‘క్వైట్ గుడ్’ అంటే మెచ్చుకున్నట్టా, సరిపెట్టుకున్నట్టా?

ప్రశ్న: నేను రాసిన రిపోర్టు చూసి మా బ్రిటిష్ మేనేజర్ ‘ఇట్స్ క్వైట్ గుడ్’ అని మెయిల్ పెట్టారు. డిక్షనరీ తీస్తే క్వైట్‌కు ఒకచోట ‘పూర్తిగా’ అని, దాని కిందే ‘కొంతవరకు’ అని ఉంది. ఒకే మాటకు ఇలా ఎదురెదురు అర్థాలు ఉంటే ఎక్కడ ఏది తీసుకోవాలి? నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండు అర్థాలూ సరైనవేనండి, తేడా అంతా దాని పక్కన వచ్చే మాటలో ఉంది. గుడ్, కోల్డ్, ఇంట్రెస్టింగ్ లాంటి వాటిలో ఎక్కువ తక్కువలు ఉంటాయి, వాటి ముందు క్వైట్ పెడితే బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మన ‘బాగానే ఉంది’ లాంటి అర్థం వస్తుంది. ‘బాగుంది’కీ ‘బాగానే ఉంది’కీ ఎంత తేడా ఉందో మీకు తెలుసుగా, అదే ఇది. కానీ ఇంపాజిబుల్, సర్టెన్, రైట్ లాంటి మాటల్లో సగం సగం ఉండదు కాబట్టి అక్కడ ‘పూర్తిగా’ అనే. ‘యూ ఆర్ క్వైట్ రైట్’ అంటే మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజమని.

ఇంకొకరు: పైన చెప్పింది నిజమే కానీ అన్నది ఎవరో కూడా చూడాలి. అమెరికన్లు ‘క్వైట్ గుడ్’ అంటే ఎక్కువగా చాలా బాగుందనే. బ్రిటిష్ వాళ్ల విషయంలో గొంతు వింటే తేలిపోతుంది, క్వైట్ మీద నొక్కితే ఏదో లోటు కనబడిందని, గుడ్ మీద నొక్కితే నచ్చిందని. మెయిల్‌లో ఆ నొక్కు వినబడదు, చిక్కంతా అక్కడే.

మరొకరు: అసలు పాత అర్థం ‘పూర్తిగా’ అనేదే, ‘కొంతవరకు’ అనేది తర్వాత వచ్చి చేరింది. ‘క్వైట్ ఎ ఫ్యూ’ దగ్గర మాత్రం జాగ్రత్త, ఫ్యూ ఉంది కదా అని కొద్దిమంది అనుకుంటారు, కానీ చాలామందే అని అర్థం. ‘నాట్ క్వైట్’ అంటే దాదాపు అయింది, ఇంకాస్త మిగిలిందని. నిశ్శబ్దం అనే అర్థమున్న క్వయట్‌తో స్పెల్లింగ్ కలిసిపోకుండా చూసుకోండి, చివరి రెండు అక్షరాలే అటూ ఇటూ అవుతాయి, రెండూ అసలైన మాటలే కాబట్టి స్పెల్ చెక్ చాలాసార్లు పట్టుకోదు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇప్పుడు ఆయనకు ఏం రాయమంటారు?

మొదట జవాబిచ్చినవారు: థాంక్స్ చెప్పి, ఏ భాగం ఇంకా మెరుగుపరచాలో నేరుగా అడిగేయండి, అందులో తప్పేం లేదు. మీరు ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే మాత్రం క్వైట్ వదిలేసి ‘వెరీ గుడ్’ అనే రాయండి.