ఏడాది చదువు, రాత: వచ్చే ఏడాదికి పుస్తకాల లెక్క పెట్టుకోవాలా, వద్దా?

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ:

అందరికీ నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర గుమాస్తాను. పోయిన జనవరిలో రెండు పనులు పెట్టుకున్నాను. నెలకు రెండు పుస్తకాలు చదవాలి, పడుకునే ముందు ఒక పేజీ రాయాలి. ఇప్పుడు డిసెంబర్ ఆఖరు, నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాను.

చదువు మార్చి దాకా బాగానే సాగింది. ఏప్రిల్‌లో యాసంగి వడ్లు మొదలైతే మాకు అన్నం తినడానికే టైం ఉండదు. మళ్లీ అక్టోబర్, నవంబర్‌లో సన్నాలు. హార్వెస్టర్‌తో కోసిన పచ్చి వడ్లు నేరుగా మిల్లుకే తెస్తారు, ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరతాయి. ఆ నెలల్లో చదవలేదంటే అర్థం ఉంది. నన్ను ఆలోచనలో పడేసింది వేరే. నెలకు రెండు అనుకోవడంతో చెయ్యి ఎప్పుడూ సన్నటి పుస్తకం మీదికే పోయింది. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అల్మారాలోనే ఉండిపోయింది.

దసరాకు మిల్లు బంద్ ఉన్నప్పుడు దాంట్లో కాకతీయుల కాలం గురించి చదివాను. రాజులను, యుద్ధాలను పక్కకు పెట్టి, అప్పటి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి చెప్పారాయన. ఆ ఒక్క అధ్యాయం చదివి నేను రాసుకున్నంత, మిగతా పుస్తకాలన్నీ కలిపినా రాసుకోలేదు.

రాత మాత్రం సీజన్‌లోనే ఎక్కువ నడిచింది. కాటా చీటీ వెనక రెండు ముక్కలు గీసుకుని, రాత్రి నోట్‌బుక్కులోకి ఎక్కించేవాణ్ణి. ఒకటి ఇక్కడ పెడుతున్నాను:

"దామరచర్ల దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన. మిషన్‌లో తేమ ఎక్కువ చూపించింది. ఆయన ట్రాలీలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి, అరచేతిలో పొట్టు నలిపి, పంటికింద వేసుకున్నాడు. టక్కుమని విరగలేదు, మెత్తగా నలిగింది. 'నీ మిషన్ నిజమే చెప్తుంది బిడ్డా. మబ్బు పట్టిందని భయపడి కోసినం' అన్నాడు. ధర తగ్గుతుందని తెలిసి కూడా వాదన పెట్టుకోలేదు. మంచినీళ్లు అడిగి తాగి, ట్రాక్టర్ నీడన కూర్చున్నాడు."

ఇట్లాంటివి చాలా పోగయ్యాయి. వచ్చే ఏడాదికి పుస్తకాల లెక్క ఉంచాలా, తీసెయ్యాలా? సీజన్ పనుల్లో ఉండేవాళ్లు ఎట్లా చదువుతున్నారు? ఈ రాసుకున్న వాటిని ఏం చేస్తే బాగుంటుంది?

పల్లికాయ, జడ్చర్ల:

అన్నా, లెక్క మొత్తానికే తీసెయ్యకు. ఇద్దరు పిల్లలు, ఇంటిపని, రోజూ మహబూబ్‌నగర్‌కు బస్సు. క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకోవాలనే పట్టుదల లేకపోతే నేను పుస్తకమే తెరవను. కాకపోతే నేను పుస్తకాలు లెక్కపెట్టను, చదివిన రోజులు లెక్కపెడతాను. రెండు పేజీలు చదివినా టిక్కే, ఇరవై చదివినా టిక్కే. అప్పుడు లావు పుస్తకమంటే భయం ఉండదు.

మా అత్తమ్మకు చదువు రాదు. సాయంత్రం ఆమె పల్లికాయ ఒలుస్తుంటే పక్కన కూర్చుని కథలు పైకి చదువుతాను. వలసల ముచ్చట వచ్చిందంటే చాలు, నన్ను ఆపేసి, తాను పెళ్లయిన కొత్తలో డ్యామ్ కాడికి మట్టిపనికి పోయిన సంగతులు మొదలుపెడుతుంది. కథ అక్కడే ఆగిపోతుంది. పాలమూరు లేబర్ అని అందరూ అంటారు గానీ, అక్కడ గుడిసెలో రాత్రిపూట పసిపిల్లను ఎట్లా పడుకోబెట్టారో ఆమె చెప్తేనే తెలిసింది. నీ పోస్టు చూశాక ఇవన్నీ రాయాలని గట్టిగా అనిపిస్తుంది.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, నల్లగొండ:

తమ్ముడూ, దామరచర్ల రైతు ముక్క మళ్లీ మళ్లీ చదివాను. పుస్తకాల లెక్క మీద నాకు పెద్ద పట్టింపు లేదు, నీకు ఎట్లా వీలైతే అట్లా చేసుకో. రాత గురించి మాత్రం చెప్పాలి.

నువ్వు చదువుతున్న సురవరం గారు పాలమూరు మనిషి. 1926లో గోలకొండ పత్రిక మొదలైతే దానికి సంపాదకుడు ఆయనే. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి 354 మంది కవులను చూపించారు. ఊళ్లల్లో ఎవరికి వాళ్లు రాసి దాచుకున్నారు కాబట్టే ఆయన అడిగితే పంపగలిగారు. అంతకుముందే 1922లో మన నల్లగొండ నుంచి 'నీలగిరి' పత్రిక వచ్చింది. నకిరేకల్ దిక్కున పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మారు. మన దగ్గర రాత అట్లా నిలబడింది.

నీ ముక్కలకు తేదీ వెయ్యి. ఏ రకం వడ్లు, ఎంత తేమ, ఏం ధర పలికింది, తప్పకుండా రాయి. మనిషి మాట పదేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది, ధర గుర్తుండదు. పేరు పెట్టాలనుకుంటే ఆ మనిషిని అడిగి పెట్టు. 'కోసినం' అన్నదాన్ని దిద్దకు.

బత్తాయి తోట, గుర్రంపోడు:

చేతులు ఖాళీ లేనప్పుడు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ వాడండి. మన యాస సగమే పడుతుంది, రాత్రి కూర్చుని సరిచేసుకోవాలి. అయినా చెప్పదల్చుకున్నది పోదు. లావు పుస్తకం జూన్ తర్వాత పట్టుకోండి, అప్పటికి మీ మిల్లులో రద్దీ తగ్గుతుంది కదా.

మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ:

అందరికీ థ్యాంక్స్. నెలకు రెండు అన్నది తీసేస్తున్నాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 'సాంఘిక చరిత్ర' ఒక్కటే, చెల్లె చెప్పినట్టు రోజుకో టిక్కు. ఏప్రిల్‌లో చదువు జోలికి పోను, రాస్తాను. పెద్దసార్, ధర రాయాలన్న ఆలోచన నాకు రాలేదు. పాత ముక్కలకు కూడా కాటా పుస్తకం చూసి ఎక్కిస్తాను. పది పేజీలు సాపు చేశాక మీకు పంపొచ్చా?

చెల్లె, మీ అత్తమ్మ పోయింది ఏ డ్యామ్ కాడికి? రాసినప్పుడు ఇక్కడ పెట్టు, చదువుతాను.