‘యాంటిగొనీ’ ఎవరి విషాదం: ఆమెదా, క్రియోన్‌దా?

పెన్నాతీరం:
ఎం.ఏ. ఇంగ్లిష్‌లో మాకు ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫొక్లీస్ ‘యాంటిగొనీ’ పాఠ్యాంశం. క్లాసులో మొదలైన వాదన తేలలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. పాత రాజు ఈడిపస్ కొడుకులిద్దరూ గ్రీకు నగరం థీబ్స్ సింహాసనం కోసం కొట్లాడుకుని ఒకరి చేతిలో ఒకరు చస్తారు. మేనమామ క్రియోన్ రాజవుతాడు. నగరాన్ని కాపాడిన ఎటియోక్లీస్‌కు ఘనంగా అంత్యక్రియలు చేయిస్తాడు. నగరం మీదికి సైన్యాన్ని తెచ్చిన పాలినైసీస్ శవాన్ని మాత్రం కుక్కలకూ గద్దలకూ వదిలేయమంటాడు, పూడ్చినవాళ్లకు మరణశిక్ష అని చాటిస్తాడు. చెల్లెలు యాంటిగొనీ ఆ శవం మీద మట్టి చల్లుతుంది. ఆమెను బతికుండగానే గుహలో పెట్టి మూసేస్తారు. ఆమె ఉరేసుకుంటుంది. ఆమెతో పెళ్లి కుదిరిన మేనబావ హేమోన్, అంటే క్రియోన్ కొడుకు, కత్తితో పొడుచుకుంటాడు. అది విని రాణి యూరిడిస్ కూడా ప్రాణం తీసుకుంటుంది.

నా వాదన: పేరు ఆమెదే కానీ విషాద నాయకుడు క్రియోనే. నాటకంలో సుమారు 1,350 పంక్తులుంటే 940 దాటగానే ఆమె మళ్లీ కనిపించదు. తలకిందులయ్యేది క్రియోన్ జీవితం, ఆలస్యంగా కళ్లు తెరుచుకునేది అతనికే. ఆమె మొదట్లో ఏం నమ్మిందో చివర్లోనూ అదే నమ్ముతుంది. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ చూడండి. మూడో అంకంలోనే సీజర్ చచ్చిపోతాడు, అయినా నాటకం పేరు అతనిదే. విషాదం మాత్రం అతన్ని చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్‌ది. ఇక్కడా అంతే అనిపిస్తోంది. మీరేమంటారు?

కృష్ణవేణి_రంగస్థలం:
పంక్తులు లెక్కపెట్టి నాయకుణ్ని తేల్చడం నాకు నచ్చదండి. పాత గ్రీకులు దీన్ని ఎలా వేశారో ఒక సాక్ష్యం ఉంది. క్రీ.పూ. 343లో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ తన ప్రత్యర్థి ఏస్కినీస్ మీద కోర్టులో మాట్లాడుతూ ఈ నాటకాన్ని ఎత్తాడు. ఏస్కినీస్ ఒకప్పుడు నటుడు. యాంటిగొనీ వేషం థియోడోరస్, అరిస్టోడెమస్ లాంటి పేరున్న నటులు వేసేవారు, నువ్వు వేసింది క్రియోన్, రాజదండం పట్టుకుని వచ్చే రాజు వేషాలు మూడో నటుడికేగా, అంటే ముగ్గురిలో ఆఖరివాడికేగా అని ఎద్దేవా చేశాడు. అంటే నాటకం రాసిన సుమారు వందేళ్లకు ఏథెన్స్‌లో క్రియోన్‌ది మూడో నటుడి వేషం! మీ వాదన ప్రకారం అదే నాయక పాత్ర కావాలి.

ఇక ఆమె మారదన్నారు. గుహకు తీసుకెళ్లే ముందు ఆమె ఏడుపు మళ్లీ చదవండి. మొదటి సన్నివేశంలో చావుకు సిద్ధమని నిబ్బరంగా చెప్పిన పిల్లే, పెళ్లి లేకుండా, బిడ్డల్లేకుండా, నా కోసం ఏడ్చే ఒక్క ఆప్తుడు లేకుండా పోతున్నానని విలపిస్తుంది. దేవతల ధర్మం కోసమే ఇది చేశాను, మరి ఆ దేవతలెక్కడ అని కూడా అడుగుతుంది. ఇది మార్పు కాదా?

ఓరుగల్లు_పాఠకుడు:
ఇద్దరికీ నమస్కారం. నేను క్రియోన్ వైపే, కానీ వేరే కారణంతో.

క్రియోన్‌ని ఉత్త క్రూరుడిగా చదివితే నాటకం సగం పోతుంది. దేశద్రోహిని ఆటికా (ఏథెన్స్ చుట్టూ ఉన్న ప్రాంతం) నేలలో పాతిపెట్టకూడదన్నది ఏథెన్స్‌వాళ్లకు తెలిసిన చట్టమే. ద్రోహి అనిపించుకున్న ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ అంతటివాడి ఎముకల్ని బంధువులు రహస్యంగా తెచ్చి పూడ్చారని చెప్పుకునేవారని చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. కాబట్టి క్రియోన్ ఆజ్ఞ వినగానే ప్రేక్షకులు ఉలిక్కిపడి ఉండరు. అతను హద్దు దాటింది ఎక్కడంటే, ఎల్లల అవతల కూడా పూడ్చనివ్వకుండా శవాన్ని నగరం కళ్ల ముందే కుళ్లబెట్టడంలో. కృష్ణవేణి గారు చెప్పిన డెమోస్తనీస్ ప్రసంగంలోనే ఇంకో విషయం ఉంది. సొంతవాళ్ల కంటే దేశం ముందు అని క్రియోన్ చెప్పే మాటల్ని ఆయన మంచి పాలకుడి మాటలుగా చదివి వినిపించాడు. నువ్వు స్టేజీ మీద చెప్పిన మాటలు నువ్వే పాటించలేదని ఏస్కినీస్‌ని నిలదీయడానికి!

ఇంతకంటే ముఖ్యమైనది చివర్లో ఉంది. అంధుడైన టైరీసియస్ జోస్యం చెప్పి వెళ్లాక క్రియోన్ భయపడి వృద్ధుల బృందాన్ని (కోరస్‌ని) సలహా అడుగుతాడు. వాళ్లు చెప్పే వరస: ముందు అమ్మాయిని గుహలోంచి విడిపించు, తర్వాత చనిపోయినవాడికి సమాధి కట్టు. వార్తాహరుడు వచ్చి చెప్పిన వరస ఏమిటి? ముందు పాలినైసీస్ దగ్గరికి వెళ్లారు, మిగిలిన శరీరాన్ని కడిగారు, పచ్చి కొమ్మలు పేర్చి దహనం చేశారు, మట్టి దిబ్బ లేపారు. ఆ తర్వాత గుహకు వెళ్లారు. అప్పటికి ఆమె ఉరికి వేలాడుతోంది. వరస మారి ఉంటే ముగ్గురూ బతికేవారేమో. సోఫొక్లీస్ ఇది ఊరికే రాయలేదు.

పెన్నాతీరం:
ఓరుగల్లు గారూ, ఆ వరస సంగతి మా క్లాసులో ఎవరూ ఎత్తలేదు. కానీ అతను అలా ఎందుకు చేశాడంటారు? దేవతల కోపం చల్లార్చడం ముందనుకున్నాడా? లేక బతికున్న మనిషి కంటే కర్మకాండే ముఖ్యమనిపించిందా?

ఓరుగల్లు_పాఠకుడు:
టైరీసియస్ మాటల్లో శవం సంగతే ముందొస్తుంది. బలిపీఠాలన్నీ పక్షులూ కుక్కలూ తెచ్చిన మాంసంతో మైలపడ్డాయని అతను చెబుతాడు. క్రియోన్‌కి భయం పట్టుకున్నది అక్కడే. నగరం, అరిష్టం, శాంతి, ఇవన్నీ పాలకుడి లెక్కలు. గుహలో ఉన్నది తోబుట్టువు కూతురని, కాబోయే కోడలని అతనికి ఆ క్షణంలో కూడా తట్టలేదు. అతని విషాదమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

పాత_మాస్టారు:
గ్రీకు నాటకాలూ, షేక్‌స్పియర్ నాటకాలూ చాలాకాలం పాఠం చెప్పినవాణ్ని. సీజర్ పోలిక దగ్గర ఒక్క మాట చెప్పాలి.

1599 నాటి ఆ నాటకంలో బ్రూటస్ మనసు మనకెలా తెలుస్తుంది? రెండో అంకం మొదట్లో తోటలో ఒంటరిగా నిలబడి సీజర్ చావాల్సిందేనని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. ఆ తర్కంలో లొసుగు మనకు కనిపిస్తుంది, అతనికి కనిపించదు. ఎలిజబెత్ కాలపు రంగస్థలం ఇచ్చిన గొప్ప వసతి అది. క్రియోన్‌కు అలాంటి ఏకాంతం ఒక్కటీ లేదు. ఎప్పుడు నోరు తెరిచినా ఎదురుగా పదిహేనుమంది బృందం, అంటే నగరం, వింటూ ఉంటుంది. నటులు ముగ్గురే కాబట్టి ఒక్కొక్కరు రెండు మూడు వేషాలు మార్చేవారు, అందరికీ ముసుగులు. అక్కడ పాత్రను లోపలి ఆలోచనతో కాక, ఎవరికి ఎదురు నిలబడి ఏం చెప్పిందన్న దాంతోనే పట్టుకోవాలి. బ్రూటస్‌కి వేసిన కొలతతో క్రియోన్‌ని కొలిస్తే అతని లోపం కోసం వెతుకుతూ కూర్చుంటాం. అటువైపు యాంటిగొనీ చెప్పేది చెవికెక్కదు. జర్మన్ తత్వవేత్త హెగెల్ ఈ నాటకాన్ని రెండు న్యాయాల ఢీగా చదివింది కూడా అందుకే. కుటుంబ ధర్మం, రాజ్యధర్మం, రెండింటిలోనూ న్యాయం ఉంది, రెండూ రెండోదాన్ని కాదంటాయి.

ఇంకొకటి. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో ఈ నాటకాన్ని ఎత్తుకున్నది నాయకుడి పతనానికి ఉదాహరణగా కాదు. హేమోన్ తండ్రి మీద కత్తి దూసి, చంపకుండా ఆగిపోయే ఘట్టం గురించి. తెలిసే చంపబోయి ఆగడం నాటకానికి బలహీనమైన పద్ధతి అంటూ! మన గైడ్లు మాత్రం అరిస్టాటిల్ సూత్రాలన్నీ క్రియోన్‌కి అతికిస్తాయి. నాయకుడు ఒకడే ఉండాలన్న పట్టుదల సోఫొక్లీస్‌ది కాదు, మన ప్రశ్నపత్రాలది.

కృష్ణవేణి_రంగస్థలం:
మాస్టారూ, మీరన్నదానికి చాలావరకు ఒప్పుకుంటాను. కానీ రెండు న్యాయాలూ సమానమంటే మాత్రం ఒప్పుకోలేను. టైరీసియస్ వచ్చి దేవతలు ఎటువైపున్నారో తేల్చేశాక సమానం ఎక్కడిది?

యాంటిగొనీ కూడా ఉత్త సిద్ధాంతం కాదు. చివరి ప్రసంగంలో ఒక వింత వాదన చేస్తుంది. మొగుడు పోతే ఇంకొకడు దొరుకుతాడు, బిడ్డ పోతే ఇంకో బిడ్డ పుడుతుంది, అమ్మానాన్నా పోయాక అన్న మాత్రం మళ్లీ పుట్టడు, అందుకే అన్న కోసమే ఈ పని చేశానంటుంది. జర్మన్ కవి గోథేకి ఇది ఎంత ఇబ్బంది పెట్టిందంటే, ఈ పంక్తులు సోఫొక్లీస్‌వి కావని ఎవరైనా పండితుడు నిరూపిస్తే బాగుండుననుకున్నాడు. కానీ అరిస్టాటిల్ ‘రెటరిక్’లో వీటిని యాంటిగొనీ మాటలుగానే ఉదహరించాడు కాబట్టి అప్పటికే నాటకంలో ఉన్నాయి. నాకైతే నాటకం మొత్తంలో ప్రాణమున్న చోటు ఇదే. అంతవరకు ‘దేవతల రాయని చట్టాలు’ అన్న పిల్ల, చావు ముందు తన ఇంటి లెక్క చెబుతోంది. ఆ లెక్క సరిగ్గా లేకపోవడం వల్లే నమ్ముతాను.

పెన్నాతీరం:
కృష్ణవేణి గారూ, ఇంటి లెక్క అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. అదే చోట ఆమె తనను రాజవంశంలో మిగిలిన చివరి కూతురుగా చెప్పుకుంటుంది. తోబుట్టువు ఇస్మేనే బతికే ఉంది కదా! పైగా నేనూ నీతో చస్తానని ఇస్మేనే వస్తే, నువ్వు చేయని పనిలో వాటా అడగొద్దని తోసేసింది. దీన్ని మీరు ఎలా సమర్థిస్తారు?

కృష్ణవేణి_రంగస్థలం:
సమర్థించను. ఆమె కఠినంగానే ఉంది. మొదటి సన్నివేశంలో సాయం అడిగినప్పుడు ఇస్మేనే రానంది. ఆ క్షణం నుంచి యాంటిగొనీ దృష్టిలో తనకు తోబుట్టువు లేదు. చచ్చిన అన్న కోసం ప్రాణమిచ్చే ప్రేమా, బతికున్న ఇస్మేనేని లెక్కలోంచి తీసేసే కాఠిన్యమూ ఒకే మనిషివి. క్రియోన్ నగరాన్ని చూస్తూ మేనకోడల్ని చూడలేదని ఓరుగల్లు గారన్నారు. ఈమె శవాన్ని చూస్తూ ఇస్మేనేని చూడలేదు. నాయిక మచ్చలేనిదై ఉండాలని నేనెప్పుడూ అనలేదు కదా. మీరు పరీక్షలో క్రియోన్ అనే రాయండి, కానీ ఈ రెండు చోట్లూ పక్కపక్కన పెట్టి రాయండి.