ఇనుమారా, ఇరుమారా? వేమన పద్యంలో ఒక అక్షరం

కొలిమి, హనుమకొండ: పాత ఇనుము ఏ తావు ఖనిజందో తేల్చే కొలతలన్నీ ఒకే తీరు పట్టికలోకి తెస్తున్నం. ఎన్నిసార్లు అతికారో రాసే కాలమ్‌కు వేమన మాటే పెడదామనుకున్న. ‘ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు కాచి యతుకనేర్చు కమ్మరీడు’... రెండుసార్లు అనేందుకు ‘ఇరుమారు’ అని కూడా విన్న. ఏది పాఠం?

ఓరుగల్లు పద్యం: ఇనుమారే. ఇనుమడించులో ఉన్న ఇనుమడి చూడండి.

జగిత్యాల: ఇరువురు, ఇరుగడ ఏం కావాలన్నా? నాలుగో గణం రెండు పాఠాల్లోనూ సలమే, యతి ఇకారానికి ఇకారమే. ఛందస్సు తేల్చదు.

చిట్టెం: అసలు పట్టు ‘కాచి’ మీద ఉంది. కరిగించి అనలేదు వేమన. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలె. అతుకుకు తెల్లగా కాగితే చాలు. అతుకు మీద చల్లిన ఇసుక ఇనుము మీది ఆక్సైడ్ పొరతో కలిసి 1,200 డిగ్రీల దగ్గర కరిగి సమ్మెట దెబ్బకు బయటికి చిమ్ముతుంది, కొంత లోపలే చిక్కుతుంది. ఖనిజం జాడ చెప్పేది బట్టీలో ఖనిజం నుంచి ఇనుము తీసేటప్పుడు పుట్టిన చిట్టెం (లోహమలం) రవ్వ, ఈ ఇసుక రవ్వ కాదు. రెండూ కలిపి సరాసరి తీస్తే లేని ఊరికి దారి చూపుతుంది. రవ్వకో వరుస ఇవ్వండి, రవ్వ రకానికి వేరే కాలమ్ పెట్టండి.

ఓరుగల్లు పద్యం: పాఠభేదాలకూ సరాసరి తీయం గద! ఏ ప్రతిలో ఏముందో అదే రాస్తం.

కోటిలింగాల: సీసపు నాణేలకైతే ఇంకా చిక్కు. గని జాడ చెప్పే ఐసోటోపుల (బరువు వేరైన సీసం పరమాణువుల) నిష్పత్తి ఒకరు 207/206 ఇస్తారు, ఇంకొకరు 206/204. సీసంలో 204 ఐసోటోపు ఒకటిన్నర శాతం కూడా ఉండదు, పాత కొలతల్లో దోషం ఎక్కువగా దాని దగ్గరే. కొలిచిన నిష్పత్తి ఏదో, దాన్నుంచి లెక్కగట్టింది ఏదో విడిగా చూపాలె. దోషం ఒక సిగ్మానా (కొలతల చెదురుకు కొలమానం), రెండా? అదే విడతలో ఎస్‌ఆర్‌ఎం 981 ప్రమాణ సీసానికి ఎంత వచ్చింది? ఇవి లేని అంకెను ఆంధ్రలోని అగ్నిగుండాల సీసపు ఖనిజంతోనో రాజస్థాన్‌లోని జావర్ ఖనిజంతోనో పోల్చి లాభం లేదు.

జగిత్యాల: వేమనకు లోహాల గుట్టు బాగా తెలుసు. ‘కంచు మోగునట్లు కనకంబు మోగునా’!

కోటిలింగాల: ఆ కంచులో సీసం కలిస్తే మోత చస్తుంది సార్. ఐసోటోపులు కూడా కలిపిన సీసం గనినే చెప్తాయి, రాగి గనిని కాదు. అందుకే సీసం శాతం లేని వరుసను ఒప్పుకోవద్దు.

కొలిమి, హనుమకొండ: రవ్వ రకం, సీసం శాతం రెండూ చేర్చిన. మరి ఇనుమారు?

ఓరుగల్లు పద్యం: చెప్పిన గద, ఇనుమారే.

జగిత్యాల: మీ ప్రతిలో ‘మాఱు’కు బండి ఱ ఉందా? ముందు అది చెప్పండి.