గేర్ రాడ్, బ్రేక్ పెడల్ ఎత్తు ఎవరైనా మార్చుకున్నారా? చీలమండ లాగేస్తంది

రాయగడ_కుర్రోడు:
అన్నలూ నాది 150 సీసీ బండి, ఒకటో గేరు కిందకి మిగతావి పైకి. పేపర్ మిల్లు డ్యూటీకి సేఫ్టీ షూ వేసుకునే ఎల్తాను, దాని ముక్కులో ఇనప రేకు ఉంటాది కదా, గేర్ రాడ్ కింద అది దూరదు, ప్రతి గేరుకీ మోకాలు దగ్గర్నుంచి కాలెత్తాలి. ఆదివారం పార్వతీపురం అక్కోళ్ళింటికెళ్ళి వచ్చేసరికి పిక్కలు పట్టేస్తన్నాయి. షోరూంలో అడిగితే కంపెనీ సెట్టింగ్ అదే, అలవాటైపోద్ది అన్నారు. మావయ్యేమో హ్యాండిల్ మార్చీమంటన్నాడు. ఏటి సెయ్యమంటారు?

జయపురం_పానా:
హ్యాండిల్ జోలికెళ్ళకు తమ్ముడూ, డబ్బులు దండగ. గేర్ రాడ్ ఇంజన్లోంచి బయటికొచ్చే షాఫ్టు పళ్ళ మీద కూర్చుంటాది. పది నంబరు పానాతో బోల్టు పూర్తిగా బయటికి తీసేయ్, వదులు చేసి లాగితే చాలా బళ్ళకి రాదు, బోల్టు షాఫ్టు గాడిని పట్టుకునుంటాది. సుత్తి దెబ్బేశావంటే పళ్ళు పోతాయి, ఆనక రోజూ జారుడే. ముందు పాత చోట పెయింటుతో గీత పెట్టుకో. ఒక్క పన్ను జరిపి బిగించు, అంతే, రాడ్ కొస బానే లేస్తాది. డ్యూటీ బూటు వేసుకుని సీటు మీద కూర్చుని చూడాలి, చెప్పులతో చూస్తే లాభం లేదు.

సిరోంచ_భాయి:
మా కాకది స్ప్లెండర్, మడమతోని తొక్కేది. గదంత ఒక్కటే ముక్క, ముందట దించితే ఎన్క లేస్తది, మడమ పట్టీ కాలికి తాకుతుండె. ఎన్క పట్టీ కోపిచ్చేసిండు, ఇప్పుడు ముక్కుతోని పైకి లేపి గేర్లు తగ్గిస్తడు, బూటు మీద తోలు అరిగిపోయింది గనీ ఖుషీగున్నడు. వంతెన దాటి కాళేశ్వరం పోయొస్తే ఏం తెల్వది, ఆలపల్లి దాకా ఆ గుంతల్ల పోతే కాలు చెప్తది.

పర్లాకిమిడి_పాతబండి:
గేరు సంగతి సరే, బ్రేక్ పెడల్ గురించి ఎవరూ అనరేం. డ్రమ్ము బళ్ళకి ఎత్తు వేరు, ఆట (బ్రేకు పట్టేముందు పెడల్ ఊరికే కదిలేది) వేరు. పెడల్ దగ్గర అది మరీ పైకి రాకుండా ఆపే బోల్టు ఉంటే దాంతో ఎత్తు మారుద్ది, వెనక చక్రం దగ్గర రాడ్ నట్టుతో ఆట మారుద్ది. చాలామంది పెడల్ దిగాలని ఆ వెనక నట్టు వదులు చేసేస్తారు, అప్పుడు బ్రేకే దూరమైపోద్ది. ఎత్తు ముందు, తర్వాత ఆట, మామూలుగా రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. సెంటర్ స్టాండేసి చక్రం చేత్తో తిప్పి రాపిడి లేదని చూసుకో. ఆఖర్న బ్రేక్ లైటు స్విచ్చి, నట్టు మాత్రమే తిప్పాలి, స్విచ్చిని తిప్పితే వైర్లు మెలిపడతాయి. ఇది మర్చిపోతే లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాది లేదా అసలు వెలగదు, వెనక లారీవాడికి మనం ఆగుతున్నట్టు ఎలా తెలుస్తాది చెప్పు.

జయపురం_పానా:
వెనక డిస్కు ఉన్నోళ్ళు జాగ్రత్త. అక్కడ పుష్‌రాడ్ (పెడల్ నుంచి బ్రేకు సిలిండర్‌ని నెట్టే కడ్డీ) మరీ పొడుగు చేస్తే ఆయిలు వెనక్కి రాదు, బ్రేకు పట్టేసే ఉంటాది, వేడెక్కుద్ది. సుంకి ఘాట్ దిగేటప్పుడు చక్రం బిగుసుకుంటే ఏటవుద్దో వేరే చెప్పక్కర్లేదు. పెడల్‌కి ఓ పిసరు ఆట ఉండి తీరాలి. డౌటుంటే మెకానిక్ దగ్గరికే పోండి.

రాయగడ_కుర్రోడు:
ఒక పన్ను లేపాను అన్నా, బూటు హాయిగా దూరతంది! కానీ ఇప్పుడు ఒకటో గేరుకి తొక్కాలంటే పాదం వెనక్కి లాక్కోవాల్సొస్తంది. మధ్యస్థంగా ఉండదా?

జయపురం_పానా:
పన్నుకీ పన్నుకీ మధ్య ఏం ఉండదు. షాఫ్టుకీ రాడ్‌కీ మధ్యన సన్న కడ్డీ ఉండే బళ్ళకైతే రెండు లాక్ నట్లు వదులు చేసి కడ్డీ తిప్పితే ఎంత కావాలంటే అంత వస్తాది, ఒకవైపు నట్టు ఎడం మర (తిరగేసి తిప్పితేనే వదులయ్యేది) ఉంటాది, బలంగా తిప్పి పాడుచేసుకోవద్దు. నీ బండికి కడ్డీ ఉందా? ఫోటో పెట్టు.