జిమ్నీకి ఏటీ టైర్లు: హైవేకీ నల్లరేగడి బాటకీ కలిపి ఏవి మంచివి?

ప్రశ్న

అందరికీ నమస్తే. మాది ఆదిలాబాద్ దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. బండి మారుతి జిమ్నీ. నెలకు రెండుమూడుసార్లు 44వ నంబరు హైవే మీద ఊరికి వెళ్తుంటాను. ఊరి నుంచి మా పత్తి చేను దాకా కొంత మొరం రోడ్డు, ఆ తర్వాతంతా నల్లరేగడి బండ్ల బాట. బండితో వచ్చిన 195/80 ఆర్15 హెచ్‌టీ (తారు రోడ్డు కోసం చేసిన) టైర్లు అరిగిపోయాయి. వానాకాలంలో ఆ బాట మీద బండి పక్కకు జారుతోంది. ఏటీ (రోడ్డుకీ మట్టికీ కలిపి చేసినవి) వేయించమని కొందరు, నేరుగా ఎంటీయే (బురద కోసం చేసినవి) వేసెయ్యమని కొందరు అంటున్నారు. సైజు 215/75కి పెంచమని కూడా సలహా ఇస్తున్నారు. అమ్మానాన్నలు కూడా ఇదే బండిలో వస్తారు, అందుకే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు

నమస్తే బ్రదర్. మీరు తిరిగేదంతా దాదాపు తారు రోడ్డే, కాబట్టి ఎంటీ వద్దు. దాని బ్లాకులు, అంటే టైరు మీది రబ్బరు దిమ్మలు, పెద్దవి, మధ్య ఖాళీలు వెడల్పు. బురదను విసిరికొట్టడానికి అది బాగుంటుంది. కానీ రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువ, బ్లాకుల మీద సన్నని కోతలూ తక్కువే. తడిసిన హైవే మీద బ్రేక్ వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని వానలో వెళ్లే బండికి అది మంచిది కాదు.

ఇక ఏటీల్లోనూ రకాలున్నాయి. యోకోహామా జియోలాండర్ జీ015, అపోలో ఆప్టెరా ఏటీ2 లాంటివి రోడ్డు వైపు మొగ్గిన ఏటీలు. బ్లాకులు దగ్గరగా ఉంటాయి. బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2 రెండో కొసన ఉంటుంది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మందం, బరువు ఎక్కువ, ఎల్‌టీ రకం, అంటే బరువులు మోసే బండ్ల కోసం కట్టిన టైరు. మీ జిమ్నీ బరువే సుమారు 1200 కిలోలు. దానికి ఎల్‌టీ వేస్తే ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. నా ఓటు మొదటి రకానికే.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. తడి నల్లరేగడిలో ఏ ఏటీ అయినా కొంతవరకే. వాన పడ్డాక పది అడుగులు నడిపి, దిగి టైరు చూడండి. టైరు మీది గాడులన్నీ మట్టితో పూడిపోయి, ట్రెడ్ (ఆ గాడుల అచ్చు) ఉందో లేదో తెలియనంత నున్నగా కనిపిస్తుంది. ఆ మట్టి నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతుంది, అరిగిన టైరైనా కొత్త టైరైనా అలాగే పట్టుకుంటుంది. ఏటీ తేడా మీకు తెలిసేది మొరం మీద, కంకర మీద, తడి గడ్డి మీద, పైన కాస్త ఆరిన బాట మీద. గట్టి వాన పడిన రోజు మాత్రం బండిని మొరం రోడ్డు చివర ఆపి నడిచి వెళ్లడమే నయం.

ఆ బాటలో దిగేముందు గాలి తగ్గించండి. 20 పీఎస్‌ఐ దాకా తీస్తే టైరు నేలకు ఆనే భాగం పొడవవుతుంది, పట్టు పెరుగుతుంది. 15 కంటే కిందికి మాత్రం వద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తీశాక నెమ్మదిగానే నడపాలి. హైవే ఎక్కేలోపు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉన్నంత గాలి మళ్లీ పెట్టాలి, లేకపోతే సైడ్‌వాల్ వేడెక్కి పాడవుతుంది. అందుకే టైర్ల కంటే ముందు 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కొనమంటాను. డబ్బు అటూఇటూ అయితే ముందు అదే కొనండి.

సైజు సంగతి. 195/80 ఆర్15 ఎత్తు దాదాపు 693 మిల్లీమీటర్లు, 215/75 ఆర్15 ఎత్తు 704. తేడా ఒకటిన్నర శాతం. అంటే నేల నుంచి బండి పెరిగేది ఐదు మిల్లీమీటర్లే, స్పీడోమీటర్ తేడా కూడా పట్టించుకోనక్కర్లేదు. నేను ఆ సైజే మంచిదంటాను, దానికి వేరే కారణం ఉంది. అది బొలెరో సైజు. ఊరి వైపు టైరు పగిలినా అక్కడి షాపులో దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కించాక స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా ఒరుసుకోవట్లేదని చూసుకోండి.

స్టెప్నీతో కలిపి ఐదూ మార్చండి. జిమ్నీది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్, అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది, అప్పుడు ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి. ఒక చక్రం సైజు వేరైతే ఫోర్‌వీల్‌లో గేర్‌బాక్స్ మీద భారం పడుతుంది.

మరొకరి జవాబు

పై సలహా నల్లరేగడికి సరిపోతుంది. మాది పాడేరు వైపు, మా బాధ బురద కాదు, రాళ్లు. ఘాట్ దిగి ఊళ్లలోకి వెళ్లే దారుల్లో పదునైన రాయి సైడ్‌వాల్‌ను చీరేస్తే పంచర్ వేయడం కుదరదు, టైరు పారేయడమే. అందుకే ఇక్కడ బరువైనా, ప్రయాణం గట్టిగా ఉన్నా సైడ్‌వాల్ మందం ఉన్న టైరే వాడతాం. ఆదిలాబాద్‌లో పత్తి చేనుకు అంత అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. జీ015, 215/75 అనుకుంటున్నాను. మోత, మైలేజీ సంగతి చెప్పండి. షాపులో ఇంకేం చూడాలి?

జవాబు

హెచ్‌టీ కంటే కొంచెం మోత ఉంటుంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది, ఈ రకంలో భరించలేనంత కాదు. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగితేనే మోత బాగా పెరుగుతుంది. అందుకే ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. ఆ రోజే చక్రాల అలైన్‌మెంట్ కూడా చేయించండి.

షాపులో సైడ్‌వాల్ మీద నాలుగంకెలు చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని. ఐదు టైర్లవీ దగ్గరదగ్గరగా ఉండాలి, ఏడాది దాటిన స్టాకు తీసుకోకండి. సైజు పక్కనే లోడ్ సంఖ్య ఉంటుంది. మీ పాత టైరు మీద 96 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని. కొత్తది 96కి తగ్గకూడదు. 215/75 ఆర్15లో 100 మామూలుగా దొరుకుతుంది. పాత టైర్లలో కాస్త బాగున్న ఒకటి ఇచ్చి స్టెప్నీగా పెట్టుకోమంటే మాత్రం ఒప్పుకోకండి.