మిల్లుకి హెచ్ఎంఐ స్క్రీన్ (మిషన్ల పరిస్థితి చూసి నడిపించే టచ్ స్క్రీన్) పెట్టిస్తే నిజంగా లాభమేనా? వాడినవాళ్లు చెప్పండి

వడ్లమిల్లు_ఎంఎల్‌జీ:
మాది మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. ప్యానెల్ బోర్డు పాతది. అన్నీ పుష్ బటన్లు, ఇండికేషన్ లైట్లే. ఇప్పుడు డ్రయ్యర్ లైను కొత్తగా వేయిస్తున్నాం కాబట్టి పీఎల్‌సీ (మోటార్లని ఆన్ ఆఫ్ చేసే చిన్న కంప్యూటర్), పది అంగుళాల టచ్ స్క్రీన్ కూడా పెట్టించుకోమని ప్యానెల్ వాళ్లు ఒకటే పోరు. నాన్నగారేమో "బటన్ నొక్కితే మోటార్ తిరగాలి, దానికి టీవీ ఎందుకురా" అంటున్నారు. నాకూ అది న్యాయమే అనిపిస్తోంది. షోకు సంగతి పక్కన పెట్టి, పనిలో ఏం తేడా వచ్చిందో చెప్పండి. మా ఆపరేటర్లలో సగం మంది బిహార్ నుంచి వచ్చినవాళ్లు. మిల్లులో దుమ్ము గురించి వేరే చెప్పక్కర్లేదు.

బాలానగర్_ప్యానెల్స్:
అన్నా, నాది ప్యానెల్ పనే కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి. మోటార్లు స్టార్ట్ చేయడానికైతే స్క్రీన్ అక్కర్లేదు, నాన్నగారి మాట నిజమే. దాని విలువంతా లైను ఆగినప్పుడే తెలుస్తుంది.

మీ పాలిషర్ ట్రిప్ అయిందనుకోండి. ఇంటర్‌లాక్ ఉంటే దానికి ముందున్న ఎలివేటర్, సెపరేటర్, షెల్లర్ (పొట్టు తీసేది) అన్నీ వరసగా ఆగుతాయి. లేకపోతే ఎలివేటర్ అడుగున నిండిపోయి చోక్ అవుతుంది, మనిషి దిగి చేత్తో తోడాలి. సరే, అన్నీ ఆగాయి. మొదట ఆగింది ఏది? లైట్లన్నీ ఒకేసారి ఆరిపోయి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ తలుపు తీసి, ఓవర్‌లోడ్ రిలేలు (లోడు ఎక్కువైతే మోటార్‌ని ఆపేవి) ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి. రాత్రి షిఫ్ట్ అయితే ముందు ఆయన్ని నిద్ర లేపాలి. స్క్రీన్ ఉంటే "పాలిషర్ 2, ఓవర్‌లోడ్, 02:14" అని మొదట పడినదే పైన కనిపిస్తుంది. దీన్ని ఫస్ట్ అవుట్ అలారం అంటారు. ఇది కావాలని అడిగి పెట్టించుకోండి. అడగకపోతే చాలామంది పెట్టరు, అన్ని అలారాలూ ఒకే కుప్పగా వచ్చి పడతాయి.

ఇంకొక మాట. ఇంటర్‌లాక్ చేసేది పీఎల్‌సీ, స్క్రీన్ చూపిస్తుందంతే. స్క్రీన్ పాడైనా లైను నడవాలి. అలా నడవని డిజైన్ అయితే ఒప్పుకోవద్దు.

స్పిన్నింగ్_గుంటూరు:
మాది స్పిన్నింగ్ మిల్లు. నూలు వడికే మా రింగ్ ఫ్రేముల్లో తేడా బాగా తెలిసింది. కౌంట్ (నూలు ఎంత సన్నగా ఉండాలో) మార్చాలంటే ఒకప్పుడు గేర్ బాక్స్ తెరిచి చేంజ్ వీల్స్ (పళ్ల చక్రాలు) విప్పి బిగించాలి. సర్వో డ్రాఫ్టింగ్ (చెప్పిన వేగానికి కచ్చితంగా తిరిగే సర్వో మోటార్లు) ఉన్న మిషన్లలో ఇప్పుడు డ్రాఫ్ట్ (ఎంత సాగదీయాలి), ట్విస్ట్ (ఎంత మెలి వేయాలి) నంబర్లు స్క్రీన్ మీద కొడితే సరి. డాఫ్‌కి (నిండిన బాబిన్లు తీయడానికి) ఇంకా ఎన్ని నిమిషాలుందో కూడా చూపిస్తుంది కాబట్టి మనుషులు ముందే వచ్చి నిలబడతారు. కానీ ఆ పని చేసేది సర్వో. పాత ఫ్రేముకి ఊరికే స్క్రీన్ తగిలిస్తే ఇవేవీ రావు.

ఫార్మా_నైట్‌షిఫ్ట్:
మా దగ్గర ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. మందులు అమెరికాకి పోవాలంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 పాటించాలి. అది 1997 నుంచీ ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ విలువని ఎంత నుంచి ఎంతకి మార్చారో చెరపడానికి వీల్లేకుండా రికార్డు ఉండాలి. మాత్రల కోటింగ్ మిషన్‌లో ఇన్‌లెట్ (లోపలికి పోయే) గాలి ఉష్ణోగ్రత మార్చాలన్నా నా లాగిన్‌తోనే మార్చాలి, కారణం కూడా కొట్టాలి.

మొదట్లో విసుగే. తర్వాత అర్థమైంది, అది నన్ను కూడా కాపాడుతుందని. బ్యాచ్ పోతే "నైట్ షిఫ్ట్ వాడే ఏదో కెలికాడు" అనే మాటకి తావు లేదు, రికార్డు తీసి చూపిస్తాం. అయితే నేను ఇంతకుముందు పనిచేసిన చోట అందరికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకి అతికించి ఉండేది. అలా వాడితే ఎంత ఖరీదైన స్క్రీన్ అయినా దండగే.

గల్ఫ్_కంట్రోల్‌రూమ్:
అందరూ లాభాలే చెబుతున్నారు, రెండో వైపు నేను చెబుతాను. 1994లో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు పడ్డాయి. మనిషన్నవాడు చదవగలడా? 2005లో టెక్సాస్ సిటీ రిఫైనరీలో టవర్‌లోకి ద్రవం పోతూనే ఉంది, బయటికి సరిగా రావట్లేదు. లోపలికి పోయే ఫ్లో ఒక స్క్రీన్‌లో, బయటికొచ్చేది ఇంకో స్క్రీన్‌లో. రెండూ పక్కపక్కన ఉంటే తేడా తొందరగా కంటపడేది. 15 మంది చనిపోయారు. స్క్రీన్ ఒక్కటే కారణమని కాదు గానీ, అదీ ఒకటి.

మా కంట్రోల్ రూమ్‌లో ఇప్పుడు స్క్రీన్లన్నీ బూడిద రంగే. అంతా సవ్యంగా ఉంటే రంగే కనపడదు, తేడా వస్తేనే రంగు. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఇంత డల్‌గా ఉందేంటి" అంటారు. పన్నెండు గంటలు దాని ముందు కూర్చునేవాడికి అదే హాయి. అలారాలు గంటకి ఆరు వరకు ఉంటే ఒక మనిషి చూసుకోగలడని మా లైన్‌లో ఒక లెక్క.

వడ్లమిల్లు_ఎంఎల్‌జీ:
సార్, మాది రిఫైనరీ కాదు, ముప్పై మోటార్ల మిల్లు :) కానీ పక్కపక్కన చూపించాలన్న మాట పట్టుకున్నా. స్టీమింగ్ నుంచి వచ్చే వడ్లలో తేమ 30 శాతం దాటి ఉంటుంది, దాన్ని 14కి దించాలి. వేడి గాలి ఎక్కువ పెట్టి తొందరపడితే గింజ పగిలి నూక పెరుగుతుంది. ఇప్పుడు వేడి గాలి మీటర్ బాయిలర్ దగ్గర ఉంది, తేమ కాగితం సూపర్‌వైజర్ జేబులో ఉంది.

గల్ఫ్_కంట్రోల్‌రూమ్:
అదే తమ్ముడూ నేను చెప్పేది. ఆ రెండూ ఒకే పేజీలో, గ్రాఫ్‌లా. ఇప్పటి నంబరు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. గంట నుంచి ఎటు పోతోందో గీత కనపడాలి. తేమ సెన్సార్ పెట్టకపోయినా, చేత్తో కొలిచిన రీడింగ్ స్క్రీన్‌లో ఎంటర్ చేయించండి. పాలిషర్ ఆంప్స్ (మోటార్ లాగే కరెంటు) కూడా అలాగే పెట్టించండి, ఒత్తిడి పెరిగితే ఆ గీతలోనే తెలుస్తుంది.

మెయింటెనెన్స్_మేడమ్:
రంగుల గురించి ముందే తేల్చుకోండి. సబ్‌స్టేషన్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి ఎర్ర లైటంటే బ్రేకర్ ఆన్‌లో ఉందని. మిషన్ల వైపు నుంచి వచ్చినవాడికి ఎరుపంటే ఆగిపోయిందని, ప్రమాదమని. ఒకే స్క్రీన్‌ని ఇద్దరూ రెండు రకాలుగా చదువుతారు. మా ప్లాంట్‌లో ఈ గొడవ తెగక, చివరికి ప్రతి మోటార్ బొమ్మ మీద "నడుస్తోంది", "ఆగింది" అని మాటలే రాయించాను.

భాష కూడా. తెలుగు, హిందీ మార్చుకునే బటన్ పెట్టమనండి, చాలా స్క్రీన్లలో ఆ సౌకర్యం ఉంది. కాకపోతే కొన్నిట్లో తెలుగు ఒత్తులు విడిపోయి, "ఉష్ణోగ్రత"లో ణ ఒత్తు పక్కకెళ్లి కూర్చుంటుంది. అప్పుడు అక్షరాలని బొమ్మగా చేసి ఎక్కించాలి. డబ్బు కట్టేముందే మీ పదాలు నాలుగు ఇచ్చి స్క్రీన్ మీద చూపించమనండి. ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోవద్దు.

బాలానగర్_ప్యానెల్స్:
మేడమ్ చెప్పింది కరెక్ట్. దుమ్ము గురించి: ముందు భాగం ఐపీ65 (దుమ్ము చొరబడని, నీళ్లు చిమ్మినా తట్టుకునే రేటింగ్) ఉన్నది తీసుకోండి, వీలైతే క్యాబిన్‌లో పెట్టండి. చేతికి గ్లవ్స్ ఉంటే నొక్కితే పనిచేసే రెసిస్టివ్ టచ్ నయం, ఫోన్ లాంటి టచ్ అన్ని గ్లవ్స్‌కీ పలకదు. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ స్క్రీన్ మీద వద్దు. పసుపు ప్లేటు మీద ఎర్ర మష్రూమ్ బటన్, నేరుగా వైరుతో, డ్రయ్యర్ దగ్గర ఒకటి, ఎలివేటర్ల దగ్గర ఒకటి. ఇంకా పీఎల్‌సీ ప్రోగ్రాం, స్క్రీన్ ప్రోగ్రాం రెండిటి సోర్స్ కాపీ (తర్వాత మార్చుకోవడానికి వీలైన అసలు ప్రోగ్రాం), పాస్‌వర్డ్‌తో సహా, ఆర్డర్‌లోనే రాయించుకోండి. లేకపోతే రేపు ఒక టైమర్ మార్చాలన్నా వాళ్లనే బతిమాలాలి.

ఫార్మా_నైట్‌షిఫ్ట్:
సోర్స్ సంగతి పది సార్లు చెప్పినా తక్కువే.

వడ్లమిల్లు_ఎంఎల్‌జీ:
అందరికీ థ్యాంక్స్. ఫస్ట్ అవుట్, డ్రయ్యర్ గ్రాఫ్, తెలుగు హిందీ, మష్రూమ్ బటన్లు, సోర్స్ కాపీ అన్నీ రాసి కొటేషన్ మళ్లీ అడిగాను. నాన్నగారు మోటార్ల పుష్ బటన్లు కూడా పక్కనే ఉంచాలన్న షరతు మీద సరేనన్నారు. ప్యానెల్ వాళ్లు అన్నిటికీ ఊ అన్నారు గానీ సోర్స్ ప్రోగ్రాం మాత్రం "మా కంపెనీ పాలసీ కాదు" అంటున్నారు.

బాలానగర్_ప్యానెల్స్:
అయితే ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకోండన్నా. ఇచ్చేవాళ్లున్నారు.